నల్లగుడ్డ కింద నుంచి హంపీ

మొదటి రోజు, శుక్రవారం

గుంతకల్లు నుంచి హోస్పేటకి రైల్లో రెండున్నర గంటలు. ఇంత దగ్గర కాబట్టే ఈ యాభై ఎనిమిదేళ్ళలో నేను హంపీ చూసింది రెండే సార్లు. ఒకటి ఐదో తరగతిలో, బడివాళ్ళు లారీలో తీసుకెళ్ళినప్పుడు. రెండోది పాతికేళ్ళ కిందట, ఒక కొత్త జంటకి ఫోటోలు తీయడానికి. వాళ్ళిద్దర్నీ రాతిరథం పక్కన నిలబెట్టి, "కదలకండి... ఆఁ, గడ్డం కొంచెం కిందికి" అంటూ రెండు రీళ్ళు కొట్టేసి సాయంత్రం బస్సుకి తిరిగొచ్చాను. రథాన్ని చూశానని చెప్పుకోలేను. స్టూడియోలో సీనరీ పరదా వాడుకున్నట్టు వాడుకున్నాను, అంతే.

మూడోసారి పోవడానికి కారణం మా మేనల్లుడు. బెంగళూరులో ఉద్యోగం. మొన్న సంక్రాంతికి వచ్చి ఫోన్ నా ముఖం ముందు పెట్టి, "మామా, ఇది యాడిదో చెప్పు" అన్నాడు. గోధుమరంగుకి తిరిగిన పాత ఫోటో. రాతిరథం. అయితే దాని నెత్తిన ఇటుకలతో కట్టిన గోపురం ఒకటుంది! "ఎవడో కంప్యూటర్లో అతికించినాడు లేరా" అన్నాను. నలభై ఏళ్ళు స్టూడియో నడిపినోణ్ణి, అతుకు నాకు తెలీదా అని ధీమా. వాడు జేబులోంచి 50 రూపాయల నోటు తీసి పక్కన పెట్టాడు. నోటు మీద రథానికి నెత్తిన ఏమీ లేదు. "చూసినావా మరి" అన్నాను. "నోటు 2017లో వచ్చింది మామా. ఈ ఫోటో తీసింది 1856లో."

నా నోరు మూతపడింది.

తీసినాయన పేరు అలెగ్జాండర్ గ్రీన్‌లా. ఈస్టిండియా కంపెనీ వారి మద్రాసు సైన్యంలో అధికారి. పెద్ద కెమెరా మోయించుకుని హంపీకి వచ్చి, మైనం పట్టించిన కాగితపు నెగెటివ్‌ల మీద అరవై దాకా ఫోటోలు తీశాడు. ఒక్కో నెగెటివ్ సుమారు 16 అంగుళాలకి 18 అంగుళాలు. పోస్ట్‌కార్డు సైజు నెగెటివ్ కడగడానికే మా నాన్న పడిన తిప్పలు చూసినవాణ్ణి, ఆ కొలత వినగానే ఆ మనిషి మీద గౌరవం పుట్టింది. తర్వాత ఆ నెగెటివ్‌లు ఇంగ్లండు చేరి వందేళ్ళకి పైగా ఎవరికీ పట్టకుండా పడి ఉండి, 1980 ప్రాంతంలో బయటపడ్డాయి. ఆ దశాబ్దంలోనే జాన్ గోలింగ్స్ అనే ఆస్ట్రేలియా ఫోటోగ్రాఫర్ హంపీ వచ్చి, గ్రీన్‌లా నిలబడిన చోట్లే వెతికి పట్టుకుని, అవే దృశ్యాలని మళ్ళీ తీశాడు.

మేనల్లుడు ఆ పాత ఫోటోల్లో ఓ పన్నెండింటిని ప్రింట్లు తీయించి, ప్లాస్టిక్ కవర్లలో పెట్టి తెచ్చాడు. మేమూ ఆ చోట్లలో నిలబడి చూద్దామని వాడి ఉబలాటం. నాకైతే ఆ ఇటుకల గోపురం ఎటు పోయిందో తేలాలి.

బళ్ళారి దాటాక, తోరణగల్లు దగ్గర ఉక్కు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కిటికీ నిండా వచ్చాయి. రైల్లో బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీ అమ్మేవాడు ఇటు తెలుగూ అటు కన్నడం కలిపేసి అరుస్తున్నాడు. 1953 అక్టోబరు దాకా ఇదంతా మాతో పాటు మద్రాసు రాష్ట్రమే. ఆంధ్ర ఏర్పడిన రోజు బళ్ళారి మైసూరు వైపు వెళ్ళింది. ఉగ్గానికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

హోస్పేటలో గది యాప్‌లో ఫోటోలు చూసి తీసుకున్నాం. ఫోటోలో కిటికీ అవతల కొబ్బరిచెట్లు, దూరంగా బండరాళ్ళ గుట్ట. తీరా వెళ్ళి కిటికీ తెరిస్తే పక్క కల్యాణమంటపం వాళ్ళ జనరేటరు. మేనల్లుడు కిందికి వెళ్ళి గట్టిగా అడిగాడు. "అది మిద్దె మీంచి తీసింది సార్, కొండ కనిపించేది నిజమే కదా" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. నాకు కోపం రాలేదు. ఇరుకు ఫంక్షన్ హాళ్ళని వైడ్ లెన్స్‌తో మైదానాల్లా చూపించిన చెయ్యి నాది.

రాత్రి జనరేటరు మోతలో నిద్ర పట్టక, ఆ మైనం కాగితం కథ వాడికి చెప్పాను. 1851లో ఫ్రాన్సులో గుస్తావ్ ల గ్రే అనే ఆయన కనిపెట్టిన పద్ధతి అది. పల్చటి కాగితానికి ముందు మైనం పట్టించి వేడి ఇస్త్రీపెట్టెతో రుద్దాలి, అప్పుడు కాగితం నూనె పీల్చిన దోసె కాగితంలా వెలుతురు దాటనిస్తుంది. తర్వాత అయోడైడ్ నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టాలి. వాడబోయే ముందు చీకట్లో సిల్వర్ నైట్రేట్‌లో ముంచాలి. ఇలా తయారైన కాగితం కొన్నిరోజులు చెడకుండా ఉంటుంది. అప్పటికే గాజుపలకల పద్ధతి వచ్చింది గానీ, దాంట్లో మందు పూసిన గాజు తడిగా ఉండగానే ఫోటో తీసి, తడి ఆరకముందే కడిగెయ్యాలి. సరిగ్గా ఆ 1856లోనే ఫ్రాన్సిస్ ఫ్రిత్ అనే ఇంగ్లీషాయన గాజుపలకలతో ఈజిప్టు వెళ్తే, గుడారం వేడికి మందు పలక మీదే ఉడికిపోయిందట. మన బళ్ళారి ఎండకి కాగితమే మేలు.

"మరి ప్రింటు?" అన్నాడు. పెద్దది చేసే యంత్రం లేదు. నెగెటివ్ ఎంతో ప్రింటూ అంతే. రెండూ కలిపి గాజు చట్రంలో బిగించి ఎండలో పెట్టడమే, వడియాలు పెట్టినట్టు.

ఈ కాగితానికి ఒకటే జబ్బు: నిదానం. మంచి ఎండలో కూడా లెన్సు మూత నిమిషాల తరబడి తీసి ఉంచాలి. ఆ లోపు ఎవరు నడిచిపోయినా, ఎద్దు తోక ఊపినా, చెట్టుకొమ్మ కదిలినా కాగితానికి తెలీదు. 1838లో, ఫోటోగ్రఫీ కనిపెట్టినవాళ్ళలో ఒకడైన డాగేర్ పారిస్‌లో తన కిటికీలోంచి ఒక పెద్ద వీధిని ఫోటో తీశాడు. బళ్ళూ జనమూ కిటకిటలాడే వీధి, ఫోటోలో మాత్రం శ్మశానంలా ఉంటుంది. ఒక్క మనిషి మిగిలాడు, బూట్లు పాలిష్ చేయించుకుంటూ కాలు కదపకుండా నిలబడినవాడు.

మా నాన్న స్టూడియోలోనూ ఇదే వ్యవహారం. స్టాండు మీద చెక్క కెమెరా. నల్లగుడ్డ కింద దూరి చూస్తే వెనక అద్దం మీద మనుషులు తలకిందులుగా కనిపించేవాళ్ళు. నాన్న బయటికొచ్చి, మూత తీసి, "కదలద్దు... ఒకటీ, రెండూ" అని మూత పెట్టేసేవాడు. ఆ రెండు అంకెల్లో కదిలిన పిల్లలకి ఫోటోలో రెండు తలలు. గ్రీన్‌లా లెక్కపెట్టింది రెండు కాదు, వందల్లో ఉంటుంది.

రెండో రోజు, శనివారం

పొద్దున్నే విఠలాలయం. పార్కింగు దగ్గర్నుంచి గుడి దాకా బ్యాటరీ బండ్లు, నడిపేది ఎక్కువగా ఆడపిల్లలే. టికెట్ 40 రూపాయలు. మేం వెళ్ళేసరికే రెండు స్కూలు బస్సుల పిల్లలు లోపలున్నారు.

రథం ముందు ప్రింటు పట్టుకుని నిలబడ్డాను. పాత ఫోటో తీసిన చోటు వెతకడం ఒక పని, దానికో పద్ధతి ఉంది. ఫోటోలో దగ్గరున్న వస్తువునొకదాన్ని, దూరంగా ఉన్న వస్తువునొకదాన్ని ఎంచుకోవాలి. రెంటి అంచుల మధ్య ఎంత సందు ఉందో చూడాలి. దగ్గరిది కుడివైపు ఉంటే, నువ్వు ఎడమకి జరిగితే సందు పెరుగుతుంది, కుడికి జరిగితే మూసుకుపోతుంది. ఫోటోలో ఉన్నంతే వచ్చిందాకా జరగాలి. అది కుదిరాక ముందుకీ వెనక్కీ, ఆ తర్వాత ఎత్తు. నేను రథం చక్రం అంచునీ వెనకనున్న మంటపంలో ఒక స్తంభాన్నీ పట్టుకున్నాను. ఒక అడుగు ఎడమకి. ఇంకో అర అడుగు. సందు సరిపోయింది కానీ, చక్రం ఫోటోలో కంటే పెద్దగా ఉంది. నాలుగడుగులు వెనక్కి వేసి, వెనకున్న మేష్టారి కాలు తొక్కి, క్షమించమని, మళ్ళీ ఎడమకి జరిగి... ఇరవై నిమిషాలు పట్టింది. ఒక్కసారిగా అన్నీ అతికాయి. ప్రింటు కిందికి దించితే రాయి, పైకెత్తితే అదే రాయి. కాళ్ళ కింద బండ చూసుకున్నాను. ఇక్కడే గ్రీన్‌లా స్టాండు మూడు కాళ్ళూ దిగి ఉంటాయి. నా ఒళ్ళు జలదరించిందని రాస్తే అతిగా ఉంటుంది గానీ, చెప్పులు విప్పాలనిపించింది.

అన్నీ అతికాయి, నెత్తి తప్ప. ప్రింటులో రథం మీద అంతస్తులుగా లేచిన ఇటుక కట్టడం, సున్నం రాలిపోయి ఉంది. ఇప్పుడక్కడ ఆకాశం.

సంగతి ఏమిటంటే, అది లాగే రథమే కాదు. స్వామికి ఎదురుగా ఉండే గరుత్మంతుడి గుడి. రథం ఆకారంలో కట్టారు. గుడి అన్నాక శిఖరం ఉంటుంది కదా! కింద రాయి, పైన ఇటుకా సున్నమూ. మన పక్క గోపురాలన్నీ అంతే. 19వ శతాబ్దం చివర్లో, ఆ బరువుకి కింద రాయి కూలిపోతుందన్న భయంతో ఇంగ్లీషు దొరల హయాంలో పై కట్టడాన్ని తీసేశారు. దాంతో గుడిగా ఉన్నది రథంగా మిగిలింది. గుడి రూపం ఉన్న ఫోటో ఇంగ్లండులో మూలన పడుంది. శిఖరం పోయిన తర్వాత తీసిన ఫోటోలు పోస్ట్‌కార్డులయ్యాయి, క్యాలెండర్లయ్యాయి, మా సోషల్ పుస్తకంలో బొమ్మయ్యాయి, చివరికి నోటెక్కాయి. నేను నా మేనల్లుడితో "అతుకు" అని వాదించింది ఆ నోటి బలంతోనే.

ఇక్కడ గ్రీన్‌లాకి ఎక్కువ ఘనత కట్టబెట్టకూడదు. ఆయన ఫోటోలు ఎవరి ఆలోచననీ మార్చలేదు, చూస్తే కదా మారడానికి! ఆయన కాలంలోనే డాక్టర్ నీల్, డాక్టర్ పిగూ అనే ఇద్దరు ఈ ప్రాంతమంతా తిరిగి ఫోటోలు తీశారు. వాళ్ళవి 1866లో లండన్‌లో పెద్ద పుస్తకంగా వచ్చాయి. దానికి వ్యాఖ్య రాసినవాళ్ళలో జేమ్స్ ఫెర్గూసన్ ఒకడు. ఆయన ఎక్కడెక్కడి గుళ్ళ ఫోటోలో పోగేసుకుని, వాటిని పక్కపక్కన పరిచి, ఏది ఏ కాలానిదో, ఏది ఏ శైలో నిర్ణయిస్తూ భారతీయ వాస్తు చరిత్ర రాశాడు. ఫోటోలో పడింది చరిత్రలోకి వెళ్ళింది. పడనిది బయటే ఉండిపోయింది.

పడనిది ఏమిటో మధ్యాహ్నం తెలిసింది.

మేనల్లుడికి జనం లేని ఫోటో కావాలి. గుడిలో స్టాండు వాడాలంటే అనుమతి ఉండాలి, మా దగ్గర లేదు. నేను చేతులెత్తేశాను. వాడు నవ్వి ఫోన్ తీశాడు. ఒకే చోట నిలబడి వరసగా ఇరవై ఫోటోలు తీసి యాప్‌కి ఇస్తే, అన్నింటిలో ఉన్నచోటే ఉన్నదాన్ని ఉంచి, కదిలినదాన్నంతా చెరిపేస్తుందట. ఫోన్ కాసేపు ఆలోచించి ఫోటో బయటపెట్టింది. విఠలాలయం ఆవరణ ఖాళీ. స్కూలు పిల్లలు లేరు, సెల్ఫీలు లేవు, వాచ్‌మన్ లేడు. రథం ఒంటరిగా, గంభీరంగా నిలబడి ఉంది. "అచ్చం పాత ఫోటో లాగే ఉంది మామా!" నూట డెబ్బయ్యేళ్ళ కిందటి కాగితం చేతగానితనంతో చేసిన పనిని, ఇప్పటి ఫోన్ కష్టపడి, కావాలని చేస్తోంది.

అప్పుడు వెనక నుంచి, "నాయనా, మాదీ ఒకటి తీయరాదా?" అని వినిపించింది. ఆదోని పక్క ఏదో ఊరి నుంచి వచ్చిన పెద్దామె, కొడుకూ కోడలూ మనవరాళ్ళతో. ఇందాకట్నుంచీ మంటపం నీడలో పులిహోర పొట్లాలు విప్పుకుని కూర్చున్నారు. నేను చూశాను. ఫోన్ కూడా చూసింది, చూసి చెరిపేసింది. ఆమె రథం వైపు తిరిగి, అడ్డుగా కట్టిన తాడు ఇవతల నుంచే రెండు చేతులూ జోడించింది. "గరుడాళ్వారు గదా" అంది కోడలితో. శిఖరం ఉందో లేదో ఆమెకి పట్టలేదు. నోటు మీది బొమ్మా ఆమెకి అక్కర్లేదు. గుడి గుడిలాగే ఉంది ఆమెకి.

అందర్నీ వరసగా నిలబెట్టాను. అలవాటు చొప్పున "కదలకండి" అన్నాను. చిన్న మనవరాలు వెంటనే పరిగెత్తింది.

"కదలకండి" అనే మాటతో పాత యాత్రికులు ఎంత దూరం వెళ్ళారో ఒక ఉదాహరణ ఉంది. 1849లో మాక్సీమ్ దు కాం అనే ఫ్రెంచి ఆయన ఈజిప్టు వెళ్ళాడు. కట్టడాలు ఎంత ఎత్తో తెలియడానికి తన పడవవాళ్ళలో ఒకణ్ణి స్తంభాల పక్కనా విగ్రహాల మీదా నిలబెట్టేవాడు. అతను కదలకుండా ఉండాలని ఏం చెప్పాడంటే, కెమెరాకున్న ఇత్తడి గొట్టం ఫిరంగి అనీ, కదిలితే పేలుతుందనీ! ఈ మాట దు కాం తనే గొప్పగా రాసుకున్నాడు. ఐరోపాలో జనం ఆ ఫోటోలు చూసి, ఎడారి నిశ్శబ్దంలో మనిషి రాయిలా నిలబడిపోయిన తూర్పుదేశాన్ని మెచ్చుకున్నారు. అక్కడ నిలబడింది భయంతో బిగుసుకున్న ఒక పడవవాడు.

మూడో రోజు, ఆదివారం

స్కూటరు అద్దెకి తీసుకున్నాం. గంటలో పంక్చరు. ఆ కథ వదిలేస్తాను.

రాణుల ఆవరణ, లోటస్ మహల్, ఏనుగుల శాల పొద్దున్నే చుట్టేశాం. కట్టడాలు బాగున్నాయి, పేర్ల మీదే నాకు గురి లేదు. వీటిలో చాలావరకు రాయల కాలంలో ఎవరూ పిలిచిన పేర్లు కావు. తర్వాతి వాళ్ళ ఊహలు, ఫోటో కింద రాసిన రెండు మాటలు అచ్చయి స్థిరపడినవి. ఫోటోకి ఏదో ఒక పేరు రాయక తప్పదు. నాన్న కూడా ఆల్బమ్‌లో అట్టల మధ్య మిగిలిపోయిన బొమ్మల కింద "మిత్రులతో" అని రాసి పంపేవాడు.

కృష్ణాలయం దగ్గర చాలాసేపు ఉన్నాం. నెల్లూరు జిల్లాలో ఉన్న ఉదయగిరి కోటని గజపతుల నుంచి గెలుచుకుని, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని తెచ్చి కృష్ణదేవరాయలు ఈ గుడి కట్టించాడు. ఇప్పుడు విగ్రహం ఇక్కడ లేదు, చెన్నై మ్యూజియంలో ఉంది. గుడి ముందున్న పాత బజారు వీధిలో స్తంభాల వరసలు మాత్రం మిగిలాయి.

ఆ బజారు మెట్ల మీద కూర్చుని మేనల్లుడు ఒక మంచి ప్రశ్న వేశాడు. "మామా, ఫోటోలు రాకముందు బయటి దేశాలవాళ్ళకి ఈ ఊరంటే ఏం తెలుసు?"

తెలుసు, అదీ జనంతో సహా. 1443లో పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ ఇక్కడికి వచ్చాడు. ఈ ఊరివాళ్ళు గులాబీలు లేకుండా బతకలేరు, వాళ్ళకి అవి తిండితో సమానం అన్నట్టు రాశాడు. రాయల కాలంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పాయెస్ బజార్ల గురించి, వాటిలో అమ్మే వజ్రాలూ ముత్యాలూ బట్టల గురించి, నవరాత్రి ఉత్సవాల గురించి పేజీలు పేజీలు రాశాడు. వాళ్ళ రాతల్లో హంపీ అంటే సందడి, చెమట, పూలు, బేరాలు. 1565 తర్వాత ఊరు పాడుబడింది నిజమే. అయినా కెమెరా వచ్చేనాటికి ఊళ్ళో మనుషులే లేరనుకుంటే పొరపాటు. విరూపాక్షుడికి పూజలు సాగుతున్నాయి, చైత్రంలో తేరు కదులుతోంది, కమలాపురంలోనూ ఆనెగొందిలోనూ సంసారాలున్నాయి. నిమిషాల తరబడి మూత తీసి ఉంచిన కాగితం వీళ్ళెవర్నీ పట్టించుకోలేదు. రాయి ఒక్కటే ఓపిగ్గా కూర్చుంది, రాయికే బొమ్మ దక్కింది.

రాబర్ట్ సెవెల్ 1900లో విజయనగరం మీద ఇంగ్లీషులో చరిత్ర రాసి, దాని పేరులోనే "మరచిపోయిన సామ్రాజ్యం" అన్నాడు. విచిత్రం ఏమిటంటే పాయెస్ రాసిన ఆ జనమంతా ఇంగ్లీషులోకి వచ్చింది కూడా ఆ పుస్తకంలోనే. సెవెల్ చేసిన మేలు చిన్నది కాదు. అయితే మరచిపోయింది ఎవరు? తెనాలి రామలింగడి కథలు చెప్పకుండా మా అవ్వ ఏనాడూ మమ్మల్ని నిద్రపుచ్చలేదు. రాయలూ అష్టదిగ్గజాలూ లేని తెలుగు వాచకం నేను చూడలేదు. మనం రాజుని మరవలేదు. ఊరు ఎలా ఉండేదో మాత్రం ఫోటోలనే అడిగి తెలుసుకున్నాం. బళ్ళో చదివిన పద్యాల్లోనూ హంపీ అంటే కన్నీళ్ళు పెట్టే శిలలే. గులాబీలమ్మే వీధి ఒక్క పద్యంలోనూ నాకు తగల్లేదు.

సాయంత్రం ఆకాశం చూపించి వాడు ఇంకోటి అడిగాడు. ప్రింట్లన్నిట్లో ఆకాశం ఎందుకంత తెల్లగా, పేపరు లాగా ఉంది? ఇది నా సబ్జెక్టు. ఆ మందులకి నీలం రంగు అంటే అతి మోజు, ఎరుపంటే గుడ్డితనం. నీలాకాశం మాడిపోయి తెల్లబడుతుంది, ఎర్రటివీ పచ్చటివీ నల్లబడతాయి. నాన్న వాడిన కొన్ని ఫిల్ములకీ ఎరుపు తెలిసేది కాదు. ముచ్చటపడి ఎర్ర పట్టుచీర కట్టుకొచ్చిన పెళ్ళికూతురు ఫోటోలో నల్లచీరతో, నల్లబొట్టుతో తేలేది. "ఇదేం అశుభం" అని వాళ్ళ అమ్మ గొడవ. నాన్న నెగెటివ్ మీద పెన్సిలు టచింగ్‌తో తిప్పలు పడేవాడు.

ఈ తెల్ల ఆకాశానికి టచింగ్ చేసిన పెద్దమనిషి అప్పుడే ఒకడున్నాడు. 1856లో మద్రాసు ప్రభుత్వం లినేయస్ ట్రైప్ అనే కెప్టెన్‌ని అధికారిక ఫోటోగ్రాఫరుగా నియమించింది. గుళ్ళూ కోటలూ చేత్తో గీయించడం కంటే ఫోటో తీయించడం మేలని కంపెనీ వారు అనుకున్న రోజులవి. ట్రైప్ శ్రీరంగం, తంజావూరు, మదురై తిరిగాడు. 1858లో, మద్రాసు మ్యూజియానికి చేరిన మన అమరావతి శిల్పాలనీ ఫోటోలు తీశాడు. ఆయన తెల్ల ఆకాశాన్ని భరించలేక నెగెటివ్ మీద చేత్తో మబ్బులు దిద్దేవాడు. ఆ మబ్బులు చాలా అందంగా ఉంటాయి, ఏ ఊరి మీదా ఎప్పుడూ పట్టనివి. గ్రీన్‌లా తెల్లగానే వదిలేశాడు. వదిలేసినందుకు ఆ ఫోటోల్లో పొద్దునో సాయంత్రమో, ఎండాకాలమో వానాకాలమో సులువుగా తెలీదు. కాలం లేని ఊరులా కనిపిస్తుంది. పాత పట్టణం అనగానే మనకి తోచే ఆ "కాలం ఆగిపోయింది" అన్న భావంలో సగం వాటా సిల్వర్ నైట్రేట్‌దని నా అనుమానం.

"మనవాళ్ళెవరూ తీయలేదా?" అన్నాడు రాత్రి. తీయకేం. లాలా దీన్‌దయాళ్ ఉన్నాడు. ఇండోర్‌లో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టి, సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. నాన్నకి ఆయనంటే దేవుడు. హైదరాబాదు అనగానే మన కళ్ళముందు లేచే రాజసం, ఆ మేడలూ దర్బార్లూ వేటలూ, చాలావరకు ఆయన ఫోటోల్లోంచి వచ్చిందే. కెమెరా మనవాడి చేతికి వచ్చినా, డబ్బిచ్చినవాళ్ళు ఏది చూపించమన్నారో అదే ఎక్కువ చూపించింది. నా స్టూడియో మాత్రం వేరేనా!

నాలుగో రోజు, సోమవారం

పెట్టెలు సర్దుకుని విరూపాక్షాలయానికి. గుడి ముందున్న హంపీ బజారు వీధి పొడవునా రెండు వైపులా రాతి మంటపాలు, ఖాళీగా. ఐదో తరగతిలో నేను చూసినప్పుడు ఇలా లేదు. ఒక మంటపంలో సోడా తాగాను, ఇంకోదాంట్లో ఎవరో అమ్మ పిల్లవాడికి నూనె రాస్తోంది. నాకు గుర్తున్న హంపీలో బాగా గుర్తున్నది ఆ సోడానే.

టీ తాగుతూ, టీ పోసిన పెద్దాయనతో ఆ మాటే అన్నాను. ఆయన తెలుగులోనే చెప్పాడు, "ఆ మంటపంలోనే పుట్టినా సార్" అని, చెయ్యి చాపి ఏదో చూపించాడు. అన్నీ ఒకలాగే ఉన్నాయి నా కంటికి. 2011లో ఆక్రమణలంటూ అక్కడి ఇళ్ళూ దుకాణాలూ తొలగించారు. రాతి స్తంభాల మధ్య గోడలు లేపడం, మేకులు కొట్టడం జరిగిందనేదీ నిజమే. స్తంభాలని కాపాడాలి, నేనూ కాదనను. అయినా బజారుగా కట్టిన వీధిని బజారు కాకుండా చేస్తే తప్ప అది బజారులా కనిపించదని మనకెందుకు అనిపిస్తుందో! సంచిలోంచి ప్రింట్లు తీసి ఆయనకి చూపించాను. ఒక్కొక్కటే తిరగేసి, "జనం లేరే" అన్నాడు. మూడు రోజుల నుంచి నేను నా మేనల్లుడికి పాఠాలు చెప్పి తేల్చింది ఆయన ఒక్క చూపులో అనేశాడు. టీకి డబ్బులు మాత్రం సరిగ్గా లెక్కపెట్టి తీసుకున్నాడు.

గుళ్ళో దర్శనమయ్యాక, గైడు ఒకాయన మమ్మల్ని వెనక వైపు మెట్లెక్కించి ఒక చీకటి గదిలోకి తీసుకెళ్ళాడు. గోడలో చిన్న సందు. అందులోంచి వచ్చే వెలుతురు ఎదుటి గోడ మీద పడుతోంది. మొదట ఏమీ తెలియలేదు. గైడు జేబులోంచి తెల్లకాగితం తీసి ఆ వెలుతురులో పట్టుకున్నాడు. కాగితం మీద తూర్పు రాజగోపురం, తొమ్మిది అంతస్తులూ, తలకిందులుగా.

నేను మాట్లాడలేకపోయాను. ఇది నాన్న నల్లగుడ్డ కింద చూసిందే. చీకటి పెట్టె, చిన్న బెజ్జం, ఎదురుగా బొమ్మ. కెమెరా అంటే ఇంతకంటే ఏమీ లేదు. గ్రీన్‌లా మోయించుకొచ్చిన పెట్టె కంటే చాలా ముందు నుంచీ ఈ గదిలో ఊరు తన బొమ్మ తాను వేసుకుంటూనే ఉంది, మందు పూసిన కాగితం ఒక్కటే తక్కువ.

మేనల్లుడు ఫోన్ తీశాడు. చీకటి కదా, తెర మీద కదలకుండా పట్టుకోమని అక్షరాలు వచ్చాయి. వాడు ఊపిరి బిగబట్టాడు. నేనూ పట్టాను, ఎందుకో. ఆ మూడు నాలుగు సెకన్లలో కాగితం మీద గోపురం పక్క నుంచి ఒక చిన్న నల్లచుక్క బయల్దేరి, తలకిందుల ఆకాశంలో అడ్డంగా ఈదుకుంటూ కాగితం అంచు దాటిపోయింది. పావురమై ఉంటుంది.

"వచ్చిందా?" అన్నాను. ఫోన్ చూపించాడు. గోపురం బాగా వచ్చింది, శిఖరం దాకా. పావురం లేదు.

గైడు కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, కింద నిలబడిన గుంపుని పిలవడానికి మెట్లు దిగాడు.